బొమ్మల వీధికి దీపం పెట్టినవాడు – జాషువా లయొనెల్ కోవెన్

మహనీయుల జీవితచరిత్రలు చదివేటప్పుడు రాజ్యాలు గెలిచినవారు, రోగాలకు మందులు కనుగొన్నవారు, ప్రజలకోసం చెరసాలకు వెళ్ళినవారు మన కంటికి ముందుగా కనబడతారు. పిల్లల ఆటబొమ్మలు తయారుచేసి ధనికుడైన ఒక వర్తకుని జీవితం వారి సరసన చెప్పదగినదేనా అని పాఠకులు సందేహించవచ్చు. ఆ సందేహం తీరడానికి ఒక దృశ్యాన్ని ఊహించుకోవాలి. చలికాలపు రాత్రి. ఇంటి నేలమీద గుండ్రంగా పరచిన ఇనుప పట్టాలు. వాటి పక్కన జానెడైనా లేని ఒక వీధి దీపస్తంభం. ఒక బాలుడు బోర్లా పడుకొని, చెంప నేలకు ఆనించి ఆ స్తంభాన్నే చూస్తున్నాడు. తండ్రి గదిలోని పెద్ద దీపం ఆర్పివేస్తాడు. బాలుడు మీట తిప్పుతాడు. స్తంభం తలమీద చిన్న బల్బు వెలుగుతుంది. ఆ క్షణాన ఆ నేల ఒక పట్టణమవుతుంది, ఆ బాలుడు దానికి ఏలిక అవుతాడు. ఇరవయ్యవ శతాబ్దపు అమెరికాలో ఎన్నో ఇళ్ళలో ఈ దృశ్యం సాధ్యమయ్యేటట్లు చేసినవాడు జాషువా లయొనెల్ కోవెన్.

ఆయన 1877 ఆగస్టు 25వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపానుంచి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన యూదులు. తండ్రి టోపీలు కుట్టించి అమ్మే వ్యాపారి. తొమ్మండుగురు సంతానంలో జాషువా ఎనిమిదవవాడు. అప్పటి ఇంటిపేరు కోహెన్. ఏడేళ్ళ వయస్సులో చెక్కతో ఒక రైలింజను చెక్కి, దానిలో చిన్న ఆవిరి యంత్రం అమర్చబోగా అది పేలిపోయి వంటగది గోడల కాగితాలు పాడైపోయాయని ఆయన పెద్దవాడైన తరువాత తరచుగా చెప్పుకొనేవాడు. ఈ కథలో సత్యమెంతో, సరసమెంతో గాని, కదిలే వస్తువుల మీద ఆ బాలునికి ఉన్న మోజు మాత్రం జీవితాంతం తగ్గలేదు.

ఆయన పుట్టిన కాలాన్ని కూడ గమనించాలి. కోవెన్ మూడేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు, 1880 డిసెంబరులో, న్యూయార్కులోని బ్రాడ్‌వే వీధిలో మొట్టమొదటి విద్యుత్ ఆర్కు దీపాలు వెలిగాయి. ఐదేళ్ళవాడైనప్పుడు, 1882 సెప్టెంబరు 4వ తేదీన, అదే నగరంలోని పెర్ల్ వీధిలో ఎడిసన్ మహాశయుడు విద్యుత్ కేంద్రాన్ని నడిపించి ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు సరఫరా చేయసాగాడు. ఆ సంవత్సరమే డిసెంబరు 22న ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 అమర్చి, ఆ చెట్టు నెమ్మదిగా తిరిగేటట్లు చేసి చూపరులను ముగ్ధులను చేశాడు. అంటే వీధి దీపమూ, ఇంటి దీపమూ, పండుగ దీపమూ మూడూ విద్యుద్దీపాలుగా మారుతున్న రోజులలో, అవి మారుతున్న ఊరిలోనే ఈ బాలుడు పెరిగాడు. మన పెద్దలు కిరసనాయిలు లాంతరు పోయి కరెంటు దీపం వచ్చిన రోజును ఏ ఆశ్చర్యంతో తలచుకొనేవారో, ఆ ఆశ్చర్యం ఆయనకు బాల్యమంతా నిండి ఉన్నది.

చదువు ఆయనకు అంతగా అబ్బలేదు. కళాశాలలో చేరాడు గాని పట్టా పుచ్చుకోలేదు. చేతిపని మీదనే మనస్సు నిలిచింది. బ్యాటరీలతో వెలిగే చిన్న దీపాలు తయారుచేసే కర్మాగారంలో పనికి కుదిరి, పగలు యజమాని పని చేస్తూ, తీరిక దొరికినప్పుడు సొంత ప్రయోగాలు చేసుకొనేవాడు. ఆ రోజులలో ఛాయాచిత్రాలు తీసేవారు వెలుతురుకోసం ఒక విధమైన పొడిని మండించేవారు. ఆ పొడిని బ్యాటరీ సాయంతో అంటించే పరికరానికి 1899లో, ఇరవై రెండేళ్ళ ప్రాయంలో, ఆయనకు పేటెంటు లభించింది. ఈ పనితనం చూసి అమెరికా నౌకాదళం సముద్రపు మందుపాతరలను పేల్చే సాధనాలు 24 వేలు తయారుచేయవలసిందిగా ఆయనకు ఒప్పగించింది. ఆ పనివల్ల వచ్చిన 12 వేల డాలర్లే తరువాతి వ్యాపారానికి పెట్టుబడి అయినాయి. పసిపిల్లల ఆనందానికి పునాది యుద్ధసామగ్రి మీద పడటం చరిత్రలోని చిత్రమైన విషయాలలో ఒకటి.

ఈ దశకు సంబంధించి ఆయనే ప్రచారంలో పెట్టిన మరొక కథ ఉన్నది. పూలకుండీలో గుచ్చి పువ్వులమీద వెలుతురు పడేటట్లు చేసే ఒక లోహపు గొట్టాన్ని, లోపల బ్యాటరీ, చివర బల్బు పెట్టి, తాను తయారుచేశాననీ, అది సరిగా పనిచేయక విసిగి దాని హక్కును కాన్రాడ్ హ్యూబర్ట్ అనే వ్యాపారికి ఇచ్చివేశాననీ, ఆయన పూలకుండీని వదిలివేసి గొట్టాన్ని మాత్రమే అమ్మగా అదే నేడు లోకమంతా వాడే టార్చిలైటు అయిందనీ కోవెన్ చెప్పేవాడు. ఎవరెడీ అనే పేరుతో హ్యూబర్ట్ కోటీశ్వరుడైన మాట నిజమే. కాని 1899 జనవరి 10వ తేదీన టార్చిలైటుకు మంజూరైన పేటెంటు మీద ఉన్న పేరు డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయునిది. మిసెల్ ఆ హక్కును హ్యూబర్ట్ కంపెనీకి రాసి ఇచ్చాడు. కాగితం మీద కోవెన్ పేరు లేదు.

గొప్పవారి జీవితాలు రాసేవారు ఇటువంటి చోట్ల కన్ను మూసుకొని ముందుకు సాగిపోతారు. అది మంచి పద్ధతి కాదు. కోవెన్ గొప్ప మాటకారి. తనను గురించిన కథలను తానే అల్లుకొని, సంవత్సరానికొక మెరుగు పెట్టేవాడు. కల్పించిన ఘనత ఆయనకు అవసరం లేదు. ఆయన నిజంగా సాధించినది మరొకటి ఉన్నది. దానిని తెలుసుకోవాలంటే ఆయనతో పాటు ఒక దుకాణం కిటికీ ముందు నిలబడాలి.

1900 సెప్టెంబరులో కోవెన్, హ్యారీ గ్రాంట్ అనే స్నేహితునితో కలిసి న్యూయార్కులోని మర్రే వీధిలో ఒక చిన్న కర్మాగారం ప్రారంభించాడు. తన పేరులోని మధ్యభాగమైన లయొనెల్ అన్న మాటనే కంపెనీకి పేరుగా పెట్టాడు. ఆయన మొదట చేసిన వస్తువులలో ఒకటి చిన్న విద్యుత్ పంకా. ఆ పంకా చక్కగా తిరిగేది గాని గాలి మాత్రం రాలేదని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. పంకా చెడినా దాని మోటారు చెడలేదు. దానిని ఏమి చేయాలా అన్న ఆలోచన మిగిలింది.

ఆ రోజులలో కోర్ట్‌లాండ్ వీధిలో రాబర్ట్ ఇంగర్సాల్ అనే వర్తకుని దుకాణం ఉండేది. దుకాణపు అద్దాల వెనుక కదలక పడి ఉన్న సరుకును దారిన పోయేవారు చూసీ చూడనట్లు వెళ్ళిపోతున్నారని కోవెన్ గమనించాడు. అద్దం వెనుక ఏదైనా కదిలితే జనం నిలబడతారని ఆయన ఊహ. పంకా మోటారును ఒక చెక్కబండి అడుగున బిగించి, గుండ్రటి పట్టాల మీద తిరిగేటట్లు చేసి, ఆ బండిలో దుకాణంవారి సరుకులు పెట్టించాడు. దానికి ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్రెస్ అని పేరు. చాలా ఇళ్ళకు ఇంకా కరెంటు రాని కాలం గనుక అది బ్యాటరీలతో నడిచేది. ఊహించినట్లే జనం నిలబడ్డారు. ఊహించనిది ఏమిటంటే, వారు బండిలోని సరుకును అడగలేదు, బండినే అడిగారు. తొలి బండి అమ్ముడుపోగా దుకాణదారు మరికొన్ని కావాలని కబురుచేశాడు. ఇదంతా 1901 నాటి మాట.

కోవెన్ జీవితాన్ని మలుపు తిప్పిన పాఠం ఇదే. వస్తువును చూపించడానికి చేసిన అలంకారమే జనులు కోరిన వస్తువు అయింది. మరొకడైతే బళ్ళు చేసి అమ్ముకొని అంతటితో తృప్తిపడేవాడు. కోవెన్ ఇంకొక ప్రశ్న వేసుకొన్నాడు. కిటికీ ముందు నిలబడినవారిని ఆకర్షించినది ఏది? ఒక్క బండి కాదు. బండి, పట్టాలు, దాని చుట్టూ ఉన్న చిన్న లోకం అన్నీ కలిసి ఆకర్షించాయి. కనుక ఇంటికి తీసుకుపోవలసినది కూడ ఆ లోకమే. 1902లో ఆయన వెలువరించిన మొదటి కాటలాగులో రైలు, ట్రాముబండితో పాటు ఒక వేలాడే వంతెన కూడ ఉన్నది. తరువాతి సంవత్సరాలలో స్టేషన్లు, సొరంగాలు, సిగ్నళ్ళు, గేట్లు ఒకటొకటిగా వచ్చాయి. 1910ల మధ్యకాలానికి వాటి సరసన వెలిగే వీధి దీపస్తంభం వచ్చి నిలిచింది.

ఈ దీపస్తంభం చూడటానికి అల్పవస్తువు. కాని దాని రూపకల్పనలో ఉన్న చిక్కులు విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఆలోచించదగినవి. మొదటి చిక్కు కొలతలది. లయొనెల్ కంపెనీవారి ఓ గేజి అనే చిన్న రైళ్ళు అసలు రైళ్ళలో సుమారు నలభై ఎనిమిదవ వంతు. పద్నాలుగు అడుగుల వీధి స్తంభాన్ని అదే లెక్కలో తగ్గిస్తే మూడున్నర అంగుళాలవుతుంది. చెక్కనూ, ఇనుమునూ ఎంతకైనా తగ్గించవచ్చు గాని బల్బును అలా తగ్గించడం సాధ్యం కాదు. దానిలో తీగ ఉండాలి, తీగ చుట్టూ గాజు ఉండాలి, బిగించడానికి మరచుట్టు ఉండాలి, వేడి బయటికి పోవడానికి చోటుండాలి. మూడున్నర అంగుళాల స్తంభం మీద అటువంటి బల్బును నిలిపితే పుల్లమీద గుమ్మడికాయ పెట్టినట్లుంటుంది. అందుచేత స్తంభాన్ని లెక్కకు మించి ఆరేడు అంగుళాలకు, కొన్నిటిని ఇంకా ఎత్తుకు పెంచారు. కొలబద్దతో చూసేవారికి అది తప్పు. నేలమీద చెంప ఆనించి చూసే పిల్లవానికి అదే ఒప్పు. వస్తువు ఎవరికోసం తయారవుతున్నదో వారి కంటితోనే దానిని కొలవాలన్న సూత్రం దీనిలో ఇమిడి ఉన్నది.

రెండవ చిక్కు కరెంటుది. అమెరికా ఇళ్ళలో వచ్చేది సుమారు 110 వోల్టులు. అది పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ అనే సాధనంతో ఆ బలాన్ని ఇరవై వోల్టుల దరిదాపులకు తగ్గించి పట్టాలకు పంపేవారు. కోవెన్ 1906లో మూడు పట్టాల మార్గాన్ని ప్రవేశపెట్టాడు. నడిమి పట్టా కరెంటును తెస్తుంది, అంచు పట్టాలు దానిని తిరిగి చేరవేస్తాయి. రైలు ఎటు తిరిగి తన దారినే ఎదురుగా కలుసుకొన్నా రెండు ధ్రువాలు తాకి షార్టు సర్క్యూటు కావడమన్నది ఉండదు. ఆ నడిమి పట్టానుంచి ఒక తీగ, అంచు పట్టానుంచి ఒక తీగ లాగి స్తంభం అడుగున బిగిస్తే దీపం వెలుగుతుంది. స్తంభం లోహంతో చేసినదైతే ఆ లోహమే ఒక తీగగా పనిచేయగలదు. రెండవ తీగ ఒక్కటి మాత్రం తొడుగు వేసుకొని స్తంభం లోపలినుంచి పైకి పోతే చాలు.

మూడవ చిక్కు అన్నిటికంటె సూక్ష్మమైనది. పండుగ చెట్టుకు వేసే దీపాల దండలో ఆ రోజులలో ఎనిమిది బల్బులను ఒకదాని వెంట ఒకటిగా కలిపేవారు. ఒక్కొక్కటి 15 వోల్టులది కనుక ఎనిమిదీ కలిసి ఇంటి కరెంటును పంచుకొనేవి. మన పెళ్ళిపందిళ్ళలో సీరియల్ సెట్టు అంటామే, అదే ఈ పద్ధతి. దానిలో ఒక్క బల్బు పోతే దండ అంతా చీకటే. పోయినది ఏదో వెతుక్కోవడం ఇంటివారికి ఎంత విసుగో అందరికీ తెలుసును. బొమ్మల వీధికి అది తగదు. వీధిలో ఒక దీపం ఆరితే మిగిలినవి వెలుగుతూ ఉండాలి. అందుకని ప్రతి స్తంభానికీ దాని రెండు తీగలు దానికే ఉండేటట్లు సమాంతరంగా కలిపే పద్ధతి అవలంబించారు. అయినా మరొక ఇబ్బంది మిగిలింది. పట్టాలనుంచే దీపానికి కరెంటు తీసుకొంటే, రైలును నెమ్మది చేయడానికి మీట తగ్గించినప్పుడల్లా ఊరంతా మసకబారుతుంది. అందుచేత మీటతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకే వోల్టేజి ఇచ్చే మరొక మార్గాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఏర్పాటుచేసి, దీపాలను దానికి తగిలించారు. రైలు ఆగినా ఊరు వెలుగుతూనే ఉండేటట్లు చేసిన ఈ చిన్న ఏర్పాటులోనే ఆటబొమ్మకూ, ఆటలోకానికీ ఉన్న భేదం తెలుస్తుంది.

క్రమంగా దీపస్తంభాలలో ఎన్నో రకాలు వచ్చాయి. హంస మెడవలె వంగిన కొమ్మతో ఒకటి, రెండు కొమ్మలతో ఒకటి, గాజు గుండు తలతో ఒకటి. 1920లలో వచ్చిన ఒక రకానికి తలమీద లాంతరు గదిలాంటి పెట్టె ఉండి, దానిమీద బ్రాడ్‌వే, మెయిన్ వంటి వీధుల పేర్లు ఉండేవి. మూడేళ్ళ వయస్సులో ఏ వీధిలో ఆర్కు దీపాలు వెలిగాయో ఆ వీధి పేరే, నలభై ఏళ్ళకు పైగా గడిచిన తరువాత, ఆయన కంపెనీ చేసిన అరచేతి దీపంమీద వెలిగింది.

పెద్ద దుకాణాల యజమానులను కోవెన్ మరొక మాటకు ఒప్పించాడు. క్రిస్మస్ రోజులలో వారు నిలబెట్టే అలంకార వృక్షాల కింద తన రైళ్ళను, దీపాలను, ఊళ్ళను పరచి నడిపించాలన్నాడు. వారు అంగీకరించారు. నగరవాసులు పిల్లలను వెంటబెట్టుకొని ఆ ప్రదర్శనలు చూడటానికి వచ్చేవారు. చూసినవారు తమ ఇంటి చెట్టు కింద కూడ అటువంటి ఊరు ఉండాలని కోరుకొనేవారు. క్రిస్మస్ చెట్టు కింద రైలు తిరగడమన్న ఆచారం అమెరికాలో అంతగా పాతుకుపోవడానికి ఆయన కృషి ముఖ్యకారణాలలో ఒకటి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. క్రైస్తవుల పండుగకు ఆ వెలుగు తెచ్చినవాడు యూదుడు. అది ఆయన ఇంటి పండుగ కాదు. ఆయన పొరుగువారి పండుగ. ఆ కర్మాగారాన్ని ఏళ్ళ తరబడి నడిపించిన ముఖ్యుడు మారియో కరూసో ఇటలీనుంచి వచ్చిన వలసజీవి. పరాయి దేశంనుంచి వచ్చినవారు, సంఖ్యలో తక్కువవారు, భాషలోనూ మతంలోనూ వేరైనవారు కలిసి, ఆ దేశపు పిల్లలకు తమ దేశం ఇలా ఉంటుందని చూపించే ఒక చిన్న పట్టణాన్ని నిర్మించి ఇచ్చారు. అల్పసంఖ్యాకులు పొరుగువారి పండుగను దూరంనుంచి చూస్తూ కూర్చోనక్కరలేదనీ, దానికి ఒక దీపం తెచ్చి ఇవ్వవచ్చుననీ ఆయన జీవితం చెబుతున్నది. ఇటువంటి కళాశాలలో చదువుకొన్న మనకు ఈ మాట వివరించి చెప్పవలసిన పని లేదు. ఒకరి పండుగకు మరొకరు పందిరి వేసే వీధులలోనే మనం పెరిగాం.

దానికి ఆయన చెల్లించిన మూల్యం కూడ ఉన్నది. 1910లో ఆయన కోహెన్ అన్న ఇంటిపేరును కోవెన్‌గా మార్చుకొన్నాడు. వలస వచ్చినవారి సంతానం ఆ విధంగా పేర్లు మార్చుకోవడం ఆనాటి అమెరికాలో పరిపాటి. వీధి దీపంమీద బ్రాడ్‌వే పేరు రాసినవాడు తన తండ్రి పేరులో అక్షరాలు మార్చుకొన్నాడు. ఇది తప్పని తీర్పు చెప్పడానికి మనం ఎవరం? అయినా వెలుగు పంచినవాని జీవితంలో ఈ నీడను కూడ చూడటం న్యాయం.

వ్యాపారంలో ఆయన మెత్తనివాడు కాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ బొమ్మల దిగుమతి ఆగిపోవడం ఆయనకు కలిసివచ్చింది. స్వదేశంలోని పోటీదారుల బొమ్మలు నాసిరకమైనవని బొమ్మలు వేసి మరీ తన కాటలాగులలో ప్రకటించేవాడు. అమెరికాలో ఎంతో పేరున్న ఐవ్స్ కంపెనీ 1928లో దివాలా తీయగా, దానిని మరొక కంపెనీతో కలిసి లయొనెల్ కొనివేసింది. తన కుమారుడు లారెన్స్ ముఖాన్ని బొమ్మల పెట్టెలమీద అచ్చువేయించి, ఇంటింటి పిల్లవానికీ ఆ నవ్వు ముఖాన్ని పరిచయం చేశాడు. పిల్లలతో నేరుగా మాట్లాడుతున్నట్లు కాటలాగులు రాయించడం, తండ్రీకొడుకులు కలిసి ఆడుకోవాలన్న భావాన్ని ప్రచారం చేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఎవరినైనా కాలం పరీక్షించక మానదు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యంలో తిండికి కటకటపడే కుటుంబాలు రైలుబొమ్మలు ఎక్కడ కొంటాయి? 1934లో కంపెనీ అప్పులవారి పక్షాన కోర్టు నియమించిన అధికారుల చేతికి పోయింది. ఆ కష్టకాలంలో ఒక్క డాలరుకు అమ్మిన మిక్కీ మౌస్ తోపుడుబండి రెండున్నర లక్షలకు పైగా అమ్ముడుపోయి కంపెనీ పరువు దక్కించింది. 1935 ప్రారంభానికి కంపెనీ తిరిగి కోవెన్ చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఒక అపురూపమైన బొమ్మ వెలువడింది. పట్టాల పక్కన ఒక చిన్న గుడిసె. రైలు సమీపించినప్పుడు దాని బరువుకు పట్టాల కింది స్విచ్చి కలుసుకొంటుంది. వెంటనే గుడిసె తలుపు తెరుచుకొని గేటుకాపరి లాంతరు పట్టుకొని బయటకు వస్తాడు. రైలు దాటిపోగానే లోపలికి వెళ్ళిపోతాడు. లయొనెల్ ఉపకరణాలలో ఇంతగా జనాదరణ పొందినది మరొకటి లేదు. నిలిచి వెలిగే దీపాన్ని ఒక మనిషి చేతికిచ్చి, ఎవరినో కాపాడటానికి బయటకు పంపినందువల్ల పిల్లలు దానిని అంతగా ప్రేమించారు.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1942లో ప్రభుత్వ ఉత్తర్వువల్ల లోహపు బొమ్మల తయారీ ఆగిపోయింది. కర్మాగారం నౌకలకు కావలసిన దిక్సూచులు మొదలైన పరికరాలు చేయసాగింది. అయినా క్రిస్మస్‌కు పిల్లల చేతులు ఖాళీగా ఉండరాదని 1943లో అట్టముక్కలతో కూర్చుకొనే కాగితపు రైలును అమ్మారు. కత్తిరించి, మడిచి, అతికించడం పెద్దలకు కూడ గగనమయ్యేది. అది కదలదు, వెలగదు. ఆ కాగితపు రైలును చూసిన తరువాతనే, అంతకు ముందు తమ ఇంట వెలిగిన దీపం విలువ పిల్లలకు బాగా తెలిసివచ్చి ఉంటుంది.

యుద్ధం ముగిసిన తరువాతి పది సంవత్సరాలు కోవెన్‌కు వైభవకాలం. పొగ వదిలే ఇంజన్లు, వాటంతట అవి కలుసుకొనే బోగీలు వచ్చాయి. కంపెనీ అధ్యక్షత కుమారుడు లారెన్స్‌కు అప్పగించి ఆయన పెద్దగా పైన కూర్చున్నాడు. 1953లో అమ్మకాలు మూడు కోట్ల ఇరవై లక్షల డాలర్లు దాటాయి. ప్రపంచంలోని బొమ్మల తయారీదారులలో అగ్రస్థానం లయొనెల్‌ది అయింది.

కాని శిఖరం చేరినవానికి తరువాతి అడుగు కిందికే. అమెరికాలో ప్రజలు రైలు దిగి మోటారుకార్లు ఎక్కారు, విమానాలు ఎక్కారు. పిల్లల చూపు టెలివిజను మీదికి, ఆకాశనౌకల మీదికి మళ్ళింది. కిటికీ ముందు నిలబడినవారు ఏమి చూస్తున్నారని ఒకనాడు శ్రద్ధగా గమనించినవాడు ఇప్పుడు ఆ గమనికను పోగొట్టుకొన్నాడు. 1957లో ఆయన కంపెనీ ఆడపిల్లలకోసమని గులాబి రంగు ఇంజను, లేత రంగుల బోగీలతో ఒక రైలు విడుదలచేసింది. ఆడపిల్లలు దానిని కొనలేదు. ఎన్నో ఏళ్ళపాటు పెట్టెలమీద, ప్రకటనలలో తండ్రినీ కొడుకునూ ముందు నిలిపి, కూతురిని చాలావరకు వెనుక నిలబెట్టి చూసేదానిగానే చిత్రించిన కంపెనీ, రంగు మార్చినంత మాత్రాన ఆమె మనస్సు తెలుసుకొన్నట్లవుతుందా? ఆమె కోరినది కూడ నిజమైన నల్లని ఇంజనునే, నిజంగా వెలిగే దీపాన్నే. మా తోటి విద్యార్థినులు ఈ సంగతి చదివి చిరునవ్వు నవ్వుతారని తెలుసును.

1959లో కోవెన్ తన వాటాలను తమ బంధువర్గంలోని మనుమడి వరుసవాడైన రాయ్ కోన్ అనే న్యాయవాది బృందానికి అమ్మివేసి వ్యాపారంనుంచి విరమించాడు. 1965 సెప్టెంబరు 8వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్‌లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయస్సులో కన్నుమూశాడు. ఆయన శరీరాన్ని న్యూయార్కులోని యూదుల శ్మశానవాటికలో సమాధిచేశారు. తండ్రి ఇంటిపేరులోని అక్షరాలు మారినా, చివరి విశ్రాంతి తండ్రుల జాతివారి మధ్యనే లభించింది. కంపెనీ చేతులు మారుతూ వచ్చింది. 1969లో రైళ్ళ తయారీ జనరల్ మిల్స్ అనే సంస్థకు పోయింది. లయొనెల్ అన్న పేరు మాత్రం పోలేదు. ఆయన కాలపు దీపస్తంభాలను వెతికి సేకరించి, మాడిపోయిన బల్బులు మార్చి, పండుగ రాత్రులలో తిరిగి వెలిగించుకొనేవారు నేటికీ ఉన్నారు.

ఈ జీవితంనుంచి మనం గ్రహించవలసినది ఏమిటి? కోవెన్ విద్యుత్తును కనుగొనలేదు. బల్బును కనుగొనలేదు. టార్చిలైటు కూడ, ఆయన ఎంత చెప్పినా, ఆయనది కాదు. పండుగ దీపాలు ఆయన ఐదేళ్ళవాడుగా ఉన్నప్పుడే వెలిగాయి. ఆయన చేసినది అంతా ఒక చిన్న పని. లోకంలో అప్పటికే ఉన్న వెలుగును పసివాని కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు దించి, వాని చేతికి మీట అందించాడు. ఆ ఎత్తు గుర్తున్నంతకాలం ఆయన పని నిలిచింది. మరచిననాడు అదే తడబడింది.

విద్యార్థి మిత్రులలో చాలామంది రేపు ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, వర్తకులు కానున్నారు. కొత్తగా కనిపెట్టేవారు మనలో కొందరే ఉంటారు. ఉన్న వెలుగును తగిన ఎత్తుకు దించగలవారు ఎందరైనా కావచ్చు. రంజాను రాత్రులలో, దీపావళినాడు, క్రిస్మస్ వేళ మన వీధులలో చిన్న బల్బుల తోరణాలు వెలిగినప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఆ తోరణం పొరుగువారి గుమ్మానిదైతే మరి కొంచెంసేపు నిలబడండి. టోపీల వ్యాపారి కుమారుడు ఒకడు దుకాణం కిటికీ ముందు అలా నిలబడినందువల్లనే ఎందరో పిల్లల రాత్రులు వెలిగాయి.